వడ్డీ కట్టి తిరగరాశాం

బంగారం మీద అప్పు తెచ్చుకున్న ఇంట్లో ఆ అప్పు ఏమైందని అడిగి చూడండి. "ఏం లేదండీ, వడ్డీ కట్టి తిరగరాశాం" అంటారు. ఆ మాట అనేటప్పుడు గొంతులో బెరుకు ఉండదు. ఒక పని చక్కబెట్టుకున్న నిబ్బరమే వినిపిస్తుంది. గడువు దాటలేదు, నోటీసు రాలేదు, నలుగురిలో మాట పడలేదు. బ్యాంకు పుస్తకాల్లోనూ ఆ ఖాతా శుభ్రంగానే ఉంటుంది. ఉద్యోగరీత్యా నేను చాలాకాలం అప్పుల ఫైళ్లు చూశాను. కిస్తీ ఎగ్గొట్టినవాళ్ల ఫైళ్ల కన్నా, ఏ ఒక్క గడువూ తప్పకుండా ఏటేటా తిరగరాసుకుంటూ వచ్చినవాళ్ల ఫైళ్లే నన్ను ఎక్కువ కలవరపెట్టాయి. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

గుండు అంకెలతోనే వేద్దాం. ఒకింట్లో ఐదు కాసుల నగలున్నాయి, అంటే 40 గ్రాములు. 22 క్యారెట్ల బంగారం గ్రాము 5,500 రూపాయలున్నప్పుడు వాటి విలువ 2,20,000. అందులో 75 శాతం, అంటే 1,65,000 అప్పు ఇచ్చారు. వడ్డీ ఏడాదికి 10 శాతం. ఏడాది తిరిగేసరికి కట్టాల్సింది 1,81,500. చేతిలో అంత లేదు. ఈలోగా గ్రాము 7,200 అయింది కాబట్టి అవే నగల మీద ఇప్పుడు 2,16,000 ఇస్తారు. పాత బాకీ వడ్డీతో సహా అందులోంచే తీరిపోయి, 34,500 చేతికొచ్చింది. పిల్లవాడి కాలేజీ ఫీజు గట్టెక్కింది. మరుసటి ఏడు గ్రాము 10,000. నగల విలువ 4 లక్షలు, కొత్త అప్పు 3 లక్షలు. పాత బాకీ 2,37,600 పోగా 62,400 చేతిలో పడింది.

ఈ ఇంటికి మొత్తం మీద చేరిన నగదు 2,61,900. మెడ మీద ఉన్న బాకీ 3 లక్షలు. తేడా 38,100, అది వడ్డీ. ఆ వడ్డీ కూడా అప్పు చేసే కట్టారు. జీతంలోంచి గానీ పంట డబ్బులోంచి గానీ ఒక్క రూపాయి ఈ బాకీలో పడలేదు. అయినా ఇంట్లో అందరికీ గుర్తున్నది రెండుసార్లు డబ్బు చేతికి రావడమే. మొదట్లో ఏడాదికి 16,500 ఉన్న వడ్డీ ఇప్పుడు 30,000 అయింది. ఇంటి ఆదాయం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇక గ్రాము ధర 8,000కు దిగిందనుకోండి. నగల విలువ 3,20,000. ఏడాది చివర బాకీ 3,30,000. ఐదు కాసులూ వదిలేసుకున్నా పది వేలు బాకీ మిగిలే ఉంటుంది.

"బంగారం తగ్గుతుందా ఎక్కడైనా" అంటారు. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం తొలిసారి లక్ష రూపాయలు తాకింది, ఆ తర్వాత ఇంకా పైకి పోయింది. అది చూసినవాళ్లకు ఈ నమ్మకం కలగడం సహజమే. కానీ 2013లో అంతర్జాతీయ మార్కెట్‌లో బంగారం ఒక్క ఏడాదిలోనే పావు వంతుకు పైగా పడిపోయింది. అదే ఏడాది డాలరు ముందు రూపాయి కూడా దిగజారడంతో మన దగ్గర ఆ దెబ్బ పూర్తిగా తగల్లేదు. రెండూ ఒకేసారి జరగడం మన అదృష్టం. ప్రతిసారీ అలాగే జరగాలని ఎక్కడా లేదు. పైగా అప్పట్లో కొంత కాపుదల ఉండేది. 2012 మార్చిలో రిజర్వు బ్యాంకు, బంగారం మీద అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీలు నగల విలువలో 60 శాతం దాటి ఇవ్వకూడదని కట్టడి చేసింది. 2014 జనవరిలో దాన్ని 75కు పెంచింది. ఇప్పుడు కొత్త నిబంధనల ప్రకారం 2.5 లక్షల లోపు అప్పుకు 85 శాతం దాకా, 5 లక్షల లోపు అయితే 80 దాకా, ఆపైన 75 దాకా ఇవ్వొచ్చు. గడువు తీరాక ఒకేసారి కట్టే అప్పుల్లో ఆ ఏడాది వడ్డీని కూడా ఈ పరిమితిలోనే కలిపి చూడాలన్నారు, అది మంచిదే. అయినా చిన్న అప్పు తీసుకునే ఇంటికి ధర పడిపోతే తట్టుకునే ఎడం మునుపటికంటే బాగా తగ్గింది.

ఆ నిబంధనల్లోనే ఇంకో మాట ఉంది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2.5 లక్షలు దాటిన అప్పుకైతే తీర్చగల శక్తి ఉందో లేదో వివరంగా చూడాలి. ఆ లోపు అప్పుకు అంత తరచి చూడాల్సిన పనిలేదు. ఆపదలో ఉన్నవాడికి అరగంటలో డబ్బు దొరకాలంటే అలా వదలక తప్పదు, నిజమే. కానీ దాని అర్థం ఏమిటో ఆలోచించండి. ఇంటి అప్పు అడిగితే జీతం చీటీ చూస్తారు. బండి అప్పుకు ఖాతా స్టేట్‌మెంట్ అడుగుతారు. బంగారం అప్పులో అప్రైజర్ గీటురాయి మీద గీసేది నగను, మీ ఆదాయాన్ని ఎవరూ గీసి చూడరు. "మీరు దీన్ని ఏ డబ్బుతో తీరుస్తారు?" అన్న ప్రశ్న అవతలివైపు నుంచి రాదు. ఇంట్లోవాళ్లు వేసుకోకపోతే ఆ ప్రశ్న అసలు పుట్టదు.

దేశం మొత్తం మీద చూస్తే, బ్యాంకుల్లో నగల మీద ఉన్న చిల్లర అప్పులు 2024 మార్చిలో లక్ష కోట్ల రూపాయల పైచిలుకు ఉండగా 2025 మార్చికి రెండు లక్షల కోట్లు దాటాయి. ఏడాదిలో రెట్టింపు. ఈ అంకె చూసి వెంటనే గుండెలు బాదుకోనక్కర్లేదు. ఇంతకుముందు వ్యవసాయ రుణాల కింద రాసినవాటిని కొన్నింటిని ఈ పద్దులోకి మార్చారు. ధర పెరిగితే అదే నగ మీద ఎక్కువ అప్పు పుడుతుంది, అదొక కారణం. చేతిసంతకం మీద ఇచ్చే అప్పులను 2023 నవంబరులో రిజర్వు బ్యాంకు కాస్త బిగించింది. అక్కడ దొరకనివాళ్లు ఇటు వచ్చారు. ఇవన్నీ తీసేసినా మిగిలే పెరుగుదల చిన్నది కాదు.

దీని పక్కన ఇంకో రెండు అంకెలు పెట్టి చూడాలి. కుటుంబాల నికర ఆర్థిక పొదుపు, అంటే డిపాజిట్లు, బీమా, షేర్లలాంటి వాటిలో వేసినదాంట్లోంచి కొత్తగా చేసిన అప్పు తీసేస్తే మిగిలేది, 2020-21లో దేశ ఆదాయంలో 11 శాతం పైన ఉండేది. 2022-23 నాటికి 5 శాతం దరిదాపుకు వచ్చింది. కరోనా ఏడాదిలో ఖర్చు పెట్టే దారి లేక పొదుపు పెరిగింది. జనం ఇళ్లూ వాహనాలూ కొంటున్నారు కాబట్టే అప్పు పెరిగిందని కేంద్ర ఆర్థిక శాఖ సమాధానం చెప్పింది. అందులో నిజం ఉంది. కానీ రిజర్వు బ్యాంకు 2025 జూన్ నివేదికే చెబుతోంది: కుటుంబాల అప్పులో సగానికి పైగా, 54.9 శాతం, ఇంటికోసం కాని చిల్లర అప్పులే. అప్పున్న ఒక్కో మనిషి తలమీద సగటు బాకీ 2023 మార్చిలో 3.9 లక్షలుండగా రెండేళ్లలో 4.8 లక్షలైంది.

మన తెలుగు రాష్ట్రాల సంగతి వేరే చెప్పాలి. 2019లో జాతీయ నమూనా సర్వే వ్యవసాయ కుటుంబాలను లెక్కేసినప్పుడు దేశంలో 50.2 శాతం ఇళ్లకు అప్పు ఉంది, సగటు బాకీ 74,121 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం ఇళ్లకు అప్పు, సగటున 2,45,554 రూపాయలు. రెండూ దేశంలోకెల్లా ఎక్కువే. తెలంగాణలో 91.7 శాతం, 1,52,113 రూపాయలు. అప్పు ఉండడమే దరిద్రానికి గుర్తు కాదు. బ్యాంకు గుమ్మం తొక్కగలిగినవాడికే బ్యాంకు అప్పు పుడుతుంది. బిహార్ పల్లెలో అప్పు తక్కువుందంటే అక్కడ రైతు కులాసాగా ఉన్నాడని కాదు. అయినా పదిళ్లలో తొమ్మిదిళ్లకు బాకీ ఉన్నచోట, బాకీని ఎలా చూసుకుంటున్నాం అన్నది పంట ధరతో సమానమైన విషయం.

ఎలా చూసుకుంటున్నామంటే, విడివిడిగా. అసలు చిక్కు అక్కడే ఉంది. ఒక్కో అప్పు ఒక్కో భాష మాట్లాడుతుంది. ఊళ్లో వడ్డీ వ్యాపారి "నూటికి రెండు" అంటాడు. బ్యాంకు "ఏడాదికి పదకొండు శాతం" అంటుంది. బండి ఫైనాన్స్ వాడు శాతం మాట ఎత్తకుండా నెల కిస్తీ చెబుతాడు. డైలీ ఫైనాన్స్ వాడు తొమ్మిది వేలు చేతిలో పెట్టి రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టమంటాడు. ఫోన్ కొన్న దుకాణంలో అసలు వడ్డీయే లేదంటారు. వీటన్నింటినీ ఒకే కొలతలోకి తెచ్చేదాకా ఏది ఖరీదో, దేన్ని ముందు తీర్చాలో తెలియదు.

ఈ విషయంలో ఒక విచిత్రం గమనించాను. పల్లెల్లో చదువులేని పెద్దావిడ కూడా రూపాయి వడ్డీ అంటే ఏడాదికి పన్నెండు అని టకీమని చెబుతుంది. మూడు రూపాయల వడ్డీ అంటే "అమ్మో" అంటుంది. పట్నంలో ఆమె మనవడు, ఇంజనీరు, క్రెడిట్ కార్డు మీద నెలకు మూడున్నర శాతం కడుతూ ఏమీ అనుకోడు. అది మూడున్నర రూపాయల వడ్డీ అని అతనికి ఎవరూ చెప్పలేదు. కార్డు మీద కొన్నదంతా గడువులోపు కట్టేస్తే వడ్డీ లేదు, నిజం. కట్టలేక యాభై వేలు నిలవ ఉంచి, కనీస మొత్తం కింద 2,500 కట్టాడనుకోండి. నెల వడ్డీ 1,750, దానిమీద 18 శాతం జీఎస్టీ 315. అసలులో తగ్గింది 435. మా ఊళ్లో ఏ వడ్డీ వ్యాపారి మీదా లేని మర్యాద ఈ కార్డు మీద ఎందుకుందో నాకు అర్థం కాదు.

డైలీ ఫైనాన్స్ లెక్క ఇంకా పెద్దది. తొమ్మిది వేలకు పది వేలు కట్టడమంటే వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే తిరిగి కడుతున్నారు కాబట్టి మీ చేతిలో ఉన్న డబ్బు సగటున అందులో సగమే. ఏడాది లెక్కకు తెస్తే 75 శాతం పైన తేలుతుంది, అంటే ఆరు రూపాయల వడ్డీ దాటింది. బండి ఫైనాన్సులో "పన్నెండు శాతం ఫ్లాట్" అన్నది కూడా ఇలాంటిదే. లక్ష అప్పు, పన్నెండు కిస్తీలు, ఒక్కోటి 9,333. అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు లక్ష మీదే వేశారు. నిజానికి పడేది 21 శాతం పైన.

ఈ లెక్కలు చేయడం రాకపోయినా ఇప్పుడు ఒక దారి ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకైనా ఫైనాన్స్ కంపెనీ అయినా కొత్తగా గడువు పెట్టి ఇచ్చే చిల్లర అప్పు (టర్మ్ లోన్) ప్రతిదానికీ ముఖ్య వివరాల పత్రం ఇచ్చి తీరాలి. అందులో ఫీజులన్నీ కలిపిన వార్షిక రేటు ఒక్క అంకెగా ఉండాలి. మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులో అడగండి. సంతకం పెట్టాక ఫైల్లో పెట్టి ఇచ్చే కాగితం కాదది, సంతకానికి ముందు చదవాల్సింది.

ప్రోనోటు దగ్గరికి వస్తే తిరగరాయడం మనకు కొత్త కాదు. నోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది. అందుకే మూడేళ్లు నిండకముందే అప్పిచ్చినాయన వచ్చి నోటు తిరగరాయించుకుంటాడు. వడ్డీ కొంత జమ చేయించుకుంటే సరే. చాలాచోట్ల మూడేళ్ల వడ్డీనీ అసలులో కలిపి కొత్త అంకె వేస్తారు. రెండు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే మూడేళ్లకు 1,72,000. తిరగరాస్తే ఆరేళ్లకు 2,95,840. ఇంకోసారి రాస్తే తొమ్మిదేళ్లకు ఐదు లక్షలు దాటుతుంది. తొమ్మిదేళ్లలో మధ్యన ఎవరూ ఎవరినీ గట్టిగా మాట అనరు. ఇచ్చినాయన మంచివాడు, పుచ్చుకున్నవాడు మాట మీద నిలబడేవాడు. బంగారం అప్పుకు ఈ పాత అలవాటే పనికొచ్చింది. గడువు దగ్గరపడితే బ్యాంకులో వడ్డీయో, మొత్తం బాకీయో కట్టడానికి ఒకటి రెండు రోజులకు చేబదులు తెస్తారు, తిరగరాయగానే అందులోంచి ఇచ్చేస్తారు. ఆ రెండు రోజుల చేబదులు మీద వసూలు చేసేది ఏడాది లెక్కకు తెస్తే ఏ కాగితం మీదా రాయడానికి సిగ్గుపడే రేటు. పంట రుణాలకూ ఇదే తంతు. గడువులోపు కట్టినవారికి 4 శాతానికే దొరికే అప్పు అది. ఆ రాయితీ నిలబెట్టుకోవడానికి ఊళ్లో బయటి వడ్డీకి తెచ్చి బ్యాంకులో కట్టి, మళ్లీ తీసుకుని, బయటివాడికి కడతారు.

చీటీల గురించి ఎక్కువ చెప్పను. రిజిస్టరైన చిట్టీకి 1982 చట్టం ఉంది, రిజిస్ట్రార్ ఉన్నాడు. ఇంట్లో నడిపే చీటీకి నడిపే మనిషి మంచితనమే పూచీ. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. పాడుకోని చీటీ పొదుపు. పాడుకున్న మరుక్షణం నుంచి అది అప్పు. ఎత్తుకున్న చీటీకి ఇంకా కట్టాల్సిన నెలలను కూడా "మా పొదుపు" అనే లెక్కలో రాసుకున్న ఇళ్లు నేను చాలా చూశాను.

ఫోన్లో ఉన్న అప్పు వేరు. అది ఇంట్లో ఎవరికీ కనిపించదు. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నాక రిజర్వు బ్యాంకు వేసిన బృందం, వెతికితే దొరికిన దాదాపు 1,100 యాప్‌లలో 600 అక్రమమైనవని తేల్చింది. ఆ తర్వాత నిబంధనలొచ్చాయి. యాప్‌లు పేర్లు మార్చుకున్నాయి. ఇంకోటి, షేర్ మార్కెట్‌లో ఫ్యూచర్స్, ఆప్షన్స్. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్క ప్రకారం 2024-25లో వాటిలో దిగిన వ్యక్తుల్లో 91 శాతం మంది నష్టపోయారు, మొత్తం మీద పోయింది లక్ష కోట్ల రూపాయల పైమాటే. అంతకుముందు చేసిన అధ్యయనంలో, దిగినవాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది ఏడాదికి ఐదు లక్షల లోపు ఆదాయం చూపినవాళ్లు. ఆ పెట్టుబడి ఎక్కడిదో అడగాల్సింది అమ్మానాన్నలే. కొన్ని ఇళ్లలో అది అమ్మ గాజుల మీద తెచ్చిందే.

కాబట్టి నేను చెప్పే పని చాలా చిన్నది. నెలకోసారి, జీతం పడిన వారంలో, ఒక్క కాగితం మీద ఇంటి అప్పులన్నీ రాయండి. ఎవరికి బాకీ, ఎంత, ఏడాదికి ఎంత శాతం, ఏది తాకట్టులో ఉంది, ఎవరు సంతకం పెట్టారు. చివర ఒక గడి: పోయిన నెల దీన్ని ఏ డబ్బుతో కట్టాం? జీతం, పంట, పాలు, అద్దె అని రాయగలిగితే సరే. అక్కడ ఇంకో అప్పు పేరు రాయాల్సొస్తే ఆ వరసకు ఎర్ర సిరాతో గీత పెట్టండి. గీత ఒక నెల పడితే అవసరం అనుకోవచ్చు. వరసగా మూడు నెలలు పడితే ఆ ఇల్లు ఆదాయంతో నడవడం లేదు. కిస్తీలు ఒక్కటీ తప్పకపోయినా సరే.

ఈ కాగితం రాయడంలో కష్టం లెక్కది కాదు. భర్త చేసిన చేబదులు భార్యకు తెలియదు. ఆవిడ డ్వాక్రా గ్రూపులో తీసుకున్నది ఎవరి కోసం వాడిందో ఆయనకు తెలియదు. బెంగళూరులో కొడుకు కార్డు బాకీ ఇద్దరికీ తెలియదు. పెద్దాయన తోడల్లుడి నోటు మీద పెట్టిన హామీ సంతకం ఆయనకే గుర్తుండదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అప్పు చేసినవాడితో సమానం. ముందు అతన్ని అడిగాకే మిమ్మల్ని అడగాలన్న నియమం లేదు. అందుకే ఆ సంతకం కూడా కాగితం మీద ఉండాలి. ఎవరినీ నిలదీయకుండా, ఎవరూ గొంతు పెంచకుండా ఒక్క గంట కూర్చోగలిగితే చాలు. మొదటిసారి కొన్ని అంకెలు దాస్తారు. మూడోసారికి బయటికొస్తాయి. బ్యాంకు అప్పుల వరకైతే సరిచూసుకునే వీలుంది. దేశంలో నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలున్నాయి, ఒక్కోటీ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాదంతా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. మీ పేరు మీద మీకు తెలియని అప్పు ఉంటే అందులోనే దొరుకుతుంది.

కాగితం పూర్తయ్యాక ఏది ముందు తీర్చాలన్నది వడ్డీ శాతమే చెప్పాలి. మనం సాధారణంగా గట్టిగా అడిగినవాడికి ముందు కడతాం. బావమరిది ముభావంగా ఉన్నాడని వడ్డీలేని చేబదులు తీర్చి, 42 శాతం కార్డును అలాగే వదిలేస్తాం. బంధుత్వానికి విలువ లేదనను. కానీ ఆ మర్యాద ఖరీదు ఎంతో తెలిసి చెల్లించాలి.

ఇక బంగారం. ఇక్కడ నా మాట చాలామందికి నచ్చదు. తిరగరాసే రోజు వచ్చినప్పుడు, తీర్చే ఆదాయం కనిపించకపోతే, కొంత అమ్మేయండి. మన లెక్కలో రెండో ఏడు చివర బాకీ 2,37,600, గ్రాము 10,000. 24 గ్రాములు అమ్మితే బాకీ మొత్తం పోతుంది. రెండు కాసులు, ఏ తాకట్టూ లేకుండా, బీరువాలోకి వస్తాయి. ధర పెరిగితే ఆ రెండు కాసులకూ పెరుగుతుంది, పడినా నగ చేజారే భయం లేదు. అమ్మేటప్పుడు తరుగు పోతుంది, లాభం మీద పన్ను లెక్కా చూసుకోవాలి. అయినా అవి ఒక్కసారే పోతాయి, ముప్పై వేల వడ్డీ ఏటేటా పోతుంది. ధర బాగా ఉన్నప్పుడే ఈ పని కుదురుతుంది. పడ్డాక చేద్దామంటే కుదరదు. "పుట్టింటి నగ అమ్ముతామా" అంటారు. వేలంలో పోతే అది పుట్టింటి నగ కాకుండా పోతుందా?

ఆ నగ ఎవరిదన్నది కూడా అడగాలి. పెళ్లిలో భార్యకు పెట్టిన బంగారం స్త్రీధనం, దాని మీద భర్తకు ఏ హక్కూ లేదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో మరోసారి స్పష్టంగా చెప్పింది. అవసరానికి వాడుకుంటే తిరిగివ్వాల్సిన బాధ్యత ఆయనదేనంది. నగలు ఆమెవి, అప్పు ఆయన పేరు మీద, తిరగరాసే సంతకం ఆయనది. ఈ వరసలో ఆమెకు అడిగే చోటే ఉండదు. కొత్త నిబంధనల్లో తాకట్టు పెట్టేవారు నగ తమదేనని రాసివ్వాలి. ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు ఇంట్లో ఒకసారి అడగడం తప్పు కాదు.

ఆపద కోసం ఆరు నెలల ఖర్చు దాచుకోండని పుస్తకాల్లో రాస్తారు. బాకీల్లో ఉన్న ఇంటికి అది ఎగతాళిలా వినిపిస్తుంది. ఒక నెల కిస్తీలకు సరిపడా రికరింగ్ డిపాజిట్‌తో మొదలుపెట్టండి. 24 శాతం బాకీ పెట్టుకుని 6, 7 శాతం డిపాజిట్ వేయడం లెక్కప్రకారం నష్టమే. కానీ ఆ కాస్త లేకపోతే వచ్చే జ్వరానికి 36 శాతం అప్పు చేస్తారు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు, తెలంగాణలో 10 లక్షలకు పెంచారు. కానీ ఆసుపత్రి చుట్టూ తిరిగిన రోజుల్లో పోయిన కూలి, బయట కొన్న మందులు, తోడుగా ఉన్నవాళ్ల తిండి ఖర్చు ఏ కార్డులోనూ రావు. చిల్లర అప్పులు పుట్టేది అక్కడే. సంపాదించే మనిషికి బ్యాంకు ఖాతా నుంచే ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలకు 2 లక్షల జీవిత బీమా దొరుకుతాయి. జీవిత బీమాలో చేరడానికి 50 ఏళ్లు దాటకూడదు. మే నెలాఖరున ఖాతాలో ఆ 456 రూపాయలు లేక పాలసీ ఆగిపోయిన ఇళ్లున్నాయి.

తాకట్టులో ఇప్పటికే నగలున్నవారు రసీదు తీసి గడువు తేదీ చూసుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఇచ్చే అప్పుల్లో, ఇంటి అవసరాలకు తీసుకుని ఒకేసారి కట్టే బంగారం అప్పు గడువు పన్నెండు నెలలు దాటకూడదు. కూడిన వడ్డీ కట్టాకే తిరగరాయాలి. బాకీ పూర్తిగా తీర్చిన రోజునే, ఎంత ఆలస్యమైనా ఏడు పనిదినాల్లోపు, నగలు తిరిగివ్వాలి. వాళ్ల వల్ల అంతకు మించితే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు చెల్లించాలి. కట్టలేకపోతే గడువుకు ముందే వెళ్లి కొంత అసలు జమ చేసి మిగతాదానికి నెలవారీ కిస్తీలు పెట్టమని అడగండి. నోటీసు వచ్చాక వెళ్లినవాడికి ఈ మాట అడిగే చోటు ఉండదు. వేలందాకా పోతే, నగలకు పెట్టే కనీస ధర వాటి ప్రస్తుత విలువలో 90 శాతానికి తగ్గకూడదు. రెండుసార్లు ఎవరూ కొనకపోతేనే 85కు దించొచ్చు. బాకీ పోను మిగిలిన డబ్బు ఏడు పనిదినాల్లో మీ ఖాతాలో పడాలి. వేలంలో పలికిన ధర, మీ బాకీ, మిగులు, ఈ మూడు అంకెలున్న కాగితం అడిగి తీసుకోండి.